అలంకారపు కవాటం

మా ఫరీదాబాద్ బజార్లలో డైవింగ్ వాచీల నకళ్లు చవగ్గా దొరుకుతాయి. కొన్నిటి పక్కన చిన్న బిళ్ల కనిపిస్తుంది. అది హీలియం కవాటమట!

హీలియం తెలుగువారికి పరాయిది కాదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలించిన సూర్యగ్రహణంతోనే దాని కథ మొదలైంది.

సముద్రగర్భంలో రోజుల తరబడి పనిచేసేవారు అధిక పీడనం గల గదుల్లో ఉంటూ హీలియం కలిపిన వాయువు పీలుస్తారు. హీలియం పరమాణువులు చాలా చిన్నవి కనుక రబ్బరు వాషర్లను దాటి వాచీలో చేరతాయి. గదిలో పీడనం తగ్గించేటప్పుడు లోపలి హీలియం అద్దాన్ని ఊడగొట్టగలదు. అసలు వాచీలోని స్ప్రింగు కవాటం అప్పుడు తెరుచుకుని దాన్ని బయటికి వదులుతుంది. చాలా నకళ్లలో ఆ బిళ్ల ఉత్త అలంకారమే. దాన్ని నమ్మి నీళ్లలో దిగితే వాచీ పాడవచ్చు.

నిజానికి మామూలు డైవర్లకే ఈ కవాటం అక్కర్లేదు. మనకెందుకు? బదిలీల మీద కొత్త బడిలో చేరినప్పుడల్లా గొప్పగా కనిపించాలని మనకు ఉంటుంది. అందుకు నకిలీ వాచీ వద్దు. టైము సరిగ్గా చూపే సాదా వాచీ చాలు. అది లేని గొప్ప చెప్పుకోదు. మనమూ అలాగే ఉంటే, ఏ ఊళ్లోనైనా స్నేహితులు దొరుకుతారని మా నమ్మకం.