తూకానికి రాని తీగ

లోహాల మార్కెట్టులో రాగి బిగువు సడలలేదు. 2024 మేలో లండన్‌లో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది. 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతపడ్డాక, శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన మన దేశమే దిగుమతికి దిగింది. టెలిఫోను వదిలిన రాగిని కరెంటు కార్లు, మోటార్లు అందుకున్నాయి.

ఇంత ప్రియమైన సరుకును ఇంటర్నెట్టు కోసం ఇంటింటికీ లాగనక్కరలేదు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బాండ్ మొదలుపెట్టినప్పుడు పాత టెలిఫోను తీగలనే వాడింది. వాటిలో వేగం ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికి సెకనుకు 24 మెగాబిట్ల దాకా వచ్చినా, మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే బాగా పడిపోయేది. గాజు పోగులో వెలుగు 20 కిలోమీటర్లు సులువుగా పోతుంది. వానకు, పిడుగుకు భయం తక్కువ. రాగికి ఉన్న సుగుణం ఒక్కటే: ఇంట్లో కరెంటు పోయినా ఎక్స్ఛేంజి బాటరీలతో ఫోను మోగేది. ఫైబరు పెట్టెకు చిన్న బాటరీ తగిలిస్తే ఆ లోటూ తీరుతుంది.

కనుక విద్యానగర్, తార్నాక ఇళ్లకు ఏది మేలన్న వాదన తేలిపోయింది. కాని బేరంలో ఒక పద్దు లెక్కకు రాలేదు.

రాగి విలువైనది గనుక పెద్ద కేబుళ్లను నేలలో పూడ్చారు. పనికిరాని రాగిని పాత సామాన్ల కొట్టువాడు తూకం వేసి కొంటాడు. గాజు తీగకు ఆ విలువ లేదు. కాబట్టి దాన్ని కరెంటు స్తంభాలకు వేలాడదీశారు. ఖాతాదారు కంపెనీ మారితే పాత తీగ అక్కడే ఉండిపోతుంది. దాని పక్కనే కొత్తది చేరుతుంది. గాజులో కరెంటు పారదు, నిజమే; కాని చాలా కేబుళ్లలో దాన్ని మోసే ఉక్కు తీగలో పారుతుంది.

విద్యానగర్‌కు దగ్గరలోనే ఉన్న రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి 5 గురు మరణించారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించింది. ఇళ్లలో ఇంటర్నెట్టు ఆగింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. వేలాడదీయడమూ తొందరే, నరకడమూ తొందరే.

గొయ్యి తవ్వితే నెల చందా పెరుగుతుందని కంపెనీలు అంటాయి. ఒక్కో కంపెనీ ఒక్కోసారి తవ్వితే పెరుగుతుంది. నగరపాలక సంస్థ వీధికి ఒకేసారి గొట్టాలు పూడ్చి, మీటరు లెక్కన అందరికీ అద్దెకిస్తే ఖర్చు పంచుకుపోతుంది. కొత్త తీగ లాగేముందు పాతది దింపాలన్న షరతు, దానికి ధరావతు కూడా ఉండాలి. పాత తీగకు మార్కెట్టు విలువ కట్టనప్పుడు ఆ ధరావతే విలువ కట్టాలి.

చందాలో కొద్దిపాటి హెచ్చును వాడుకదారులు భరించవచ్చు. ఇప్పటి చవకధరలో మిగిలిన భాగాన్ని ఆ స్తంభాల కింద నడిచేవాళ్లు చెల్లిస్తున్నారు.