ఒక గీతము, పెక్కు కంఠములు

ప్రసిద్ధమైన పాటను మొదట పాడినవారి కంఠముననే వినవలెనా, పిదపివారు క్రొత్త వరుసలో పాడగా వినవచ్చునా యను చర్చ సంగీతాభిమానులలో తఱచు జరుగుచుండును. మన దేశమున కిది క్రొత్త ప్రశ్న కాదు. త్యాగరాజస్వామి కీర్తనలు ఒక్కొక్క శిష్యపరంపరలో ఒక్కొక్క పాఠాంతరముతో నిలిచియున్నవి. ఏ పాఠము శుద్ధమని వాదించుకొన్న విద్వాంసులును పరుల పాఠమును చెవియొగ్గి వినినవారే. పాట పలువురి నోళ్ల మెలగినపుడే దీర్ఘాయువగును.

ఇందులకు వందేమాతర గీతమును మించిన నిదర్శనము లేదు. 1882లో గ్రంథరూపమున వెలువడిన ఆనందమఠమున బంకించంద్ర ఛటర్జీ ఈ గీతమునకు మల్హారు రాగమును సూచించెను. 1896లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో రవీంద్రనాథ టాగూరు దీనిని తన వరుసలో పాడెను. నవలలో సన్న్యాసులు పాడుకొన్న పాట నాడు సభావేదిక నెక్కి దేశముయొక్క పాటయయ్యెను. కవి తలచిన రాగమును వీడుటచే గీతమునకు హాని కలుగలేదు సరికదా, దాని పరిధి విస్తరించెను.

1923లో మన కాకినాడ కాంగ్రెసున విష్ణుదిగంబర పలూస్కరు ఈ గీతము నాలపించుచుండగా, అధ్యక్షులైన మౌలానా మహమ్మదాలీ అభ్యంతరము తెలిపిరి. పలూస్కరు నిలుపక తుదివఱకు పాడెను. ఇరువురును దేశమునకై పాటుపడినవారే. ఒక పాట ఒకరికి ప్రాణసమమై మఱియొకరికి మనఃక్లేశకరమగుట నాడే తేటపడినది. 1937లో కాంగ్రెసు కార్యనిర్వాహకసంఘము జాతీయసభలలో మొదటి రెండు చరణములను మాత్రమే పాడవలెనని నిర్ణయించుట ఆ చిక్కును తీర్చుటకే. బలవంతముచే పాడించిన పాట పెదవుల దాటి హృదయమున చేరదు. ఈ సత్యమును మఱచువారు గీతమునకు మేలు చేయువారు కారు.

1947 ఆగస్టు 15వ తేదీ ఉదయమున పలూస్కరు శిష్యుడైన ఓంకారనాథ ఠాకూరు ఆకాశవాణిలో ఈ గీతమును సంపూర్ణముగ గానముచేసెను. యం. యస్. సుబ్బులక్ష్మియు దిలీప్‌కుమార్ రాయియు కలిసి గ్రామఫోను రికార్డున పాడిరి. 1952లో ఆనందమఠము హిందీ చలనచిత్రమైనపుడు హేమంతకుమారు దీనికి సైనికుల నడకను బోలిన వరుసను కూర్చెను. వీనిలో మాకు ప్రియమైన దేదియని అడుగుదురేని, వినుటకు ఓంకారనాథుని గానము, పాడుటకు హేమంతకుమారుని వరుస యని చెప్పుదుము. మొదటిదానిలో ప్రతి పదమును తన భావమును తాను విప్పుకొనుటకు వలసినంత తావు కలదు. అయినను దాని వెంట పాడుట విద్వాంసులకే సాధ్యము. రెండవదానిని సంగీతపరిచయము లేని రైతును బడిపిల్లవాడును అందుకొనగలరు. జాతీయగీతమునకు ఈ రెండు సేవలును అవసరములే.

అయినను క్రొత్తగ పాడువారికి కొన్ని బాధ్యతలు కలవు. పదములను విఱువరాదు. వాద్యఘోషలో అర్థమును ముంచరాదు. కవి పేరును, వరుస కూర్చినవారి పేరును మఱుగుపఱుపరాదు. నేడు పాట ఊరూర మాఱుమ్రోగుచున్నను, దానిని వ్రాసిన దెవరో ఎఱుగనివారు పెక్కండ్రు. పరుల సొమ్మును తీసికొనినవాడు యజమాని పేరైనను చెప్పుట కనీసధర్మము.

అంతకంటె చింతింపదగిన విషయ మొకటి కలదు. 1907లో వందేమాతరోద్యమమున పాల్గొనినందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజమహేంద్రవరమున ట్రైనింగు కళాశాలనుండి బహిష్కృతుడయ్యెను. 1938లో హైదరాబాదున ఉస్మానియా విద్యార్థులు తమ వసతిగృహములలో ఈ గీతమును పాడి, చదువులు పోగొట్టుకొని, నాగపూరువంటి దూరప్రదేశములకు పోయి చదువు ముగించుకొనిరి. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభలో రాజేంద్రప్రసాదుగారు దీనికి జనగణమనతో సమానగౌరవము ప్రకటించిరి. నిషేధము తొలగినది, గౌరవము లభించినది. కాని నేడు పెక్కు సభలలో యంత్రము పాడుచుండగా మనము మౌనముగ నిలుచుచున్నాము. పాడినచో శిక్ష యున్న కాలమున పాడిన జాతి, అడ్డులేని కాలమున నోరు మూసికొనుట లజ్జాకరము కాదా?

కావున పఠనమందిరముల నిర్వాహకులకు మా విన్నపము. మాసమున కొక సాయంకాలము పెద్దల గానములను రికార్డులలో వరుసగ వినిపింపుడు. గీతమునకు తెలుగున అర్థము చెప్పింపుడు. పిమ్మట యంత్రమును ఆపి, పాడ నిచ్చగలవారందఱును గొంతు కలుపుడు. శ్రుతి తప్పిన తప్పవచ్చును. ఆ తప్పు నాలుగు మాసములలో దిద్దుకొనును. పెద్దల కంఠములను మెచ్చుకొనుటతో మన పని ముగియదు. వారి వెనుక మన కంఠమును వినబడవలెను.