ఎండలు, శీతలయంత్రములు, మన సంఘము

పరపతి సంఘములకు పూర్వము వచ్చు అర్జీలు ఎద్దుల కొఱకు, విత్తనముల కొఱకు, ఎరువుల కొఱకు, నూతుల కొఱకు వచ్చెడివి. ఇప్పుడు వేసవి ముఖము చూపునప్పటికి వేఱొక తరహా అర్జీలు కార్యదర్శిగారి బల్లమీదికి చేరుచున్నవి. గదిని చల్లబఱచు యంత్రమును, అనగా జనులందఱు ఏసీ యని పిలుచు దానిని, కొనుటకు అప్పు కావలెనట. ఈ మాట విని కొందఱు పెద్దలు నవ్వుచున్నారు, కొందఱు కోపపడుచున్నారు. మన తాతలు ఏ యంత్రముతో బ్రదికినారని వారి ప్రశ్న. ఆ తాతల కాలపు ఇండ్లను, ఆ తాతల కాలపు చెట్లను తెచ్చి యిచ్చినచో మేమును యంత్రము లేకయే బ్రదికెదమని అర్జీదారుల బదులు. ఈ రెండవ మాటలో నాకు న్యాయము కనబడుచున్నది. అయినను అర్జీలను మంజూరు చేయవలెనని నేను చెప్పబోవుట లేదు. సంఘపు సొమ్ము ముందుగా వేఱొకచోట వ్యయపడవలెనని నా యభిప్రాయము. ఎందుచేతనో మనవి చేసెదను. సభ్యులు సావధానముగా చదివి మహాజనసభలో తమ అభిప్రాయము నీయగోరుచున్నాను.

రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత మనకు క్రొత్తది కాదు. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము పేర్లు వేసవి వచ్చెనా పత్రికలలో కనబడుచునే యుండును. ఈ పరిచయముచేతనే కాబోలు, ఎండ ఓర్చుకొనదగిన వస్తువనియు, దానివలన చచ్చినవాని ఆయువే తీరినదనియు అనుకొనుట మనకు అలవాటైనది. 2015వ సంవత్సరము మే మాసమున వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి 1,000 మందికి పైగా మరణించిరి. వారిలో ముసలివారే గాక, ఎండలో పని మానుకొనలేని కూలివారును పలువురు కలరు. మైదానములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలుకంటె 4.5 డిగ్రీలు హెచ్చినప్పుడు వాతావరణశాఖవారు వడగాలి యని ప్రకటింతురు. సముద్రతీరమున మామూలుకంటె అంత హెచ్చినచో 37 డిగ్రీలకే ప్రకటింతురు. ఈ భేదమేల యని అడుగవచ్చును. మన దేహము లోపలి వేడి 37 డిగ్రీలు. పనిచేయువాని కండరములు ఇంకను వేడిని పుట్టించుచుండును. బయటి గాలి దేహముకంటె వేడిగా నున్నప్పుడు ఆ వేడి వెలుపలికి పోవుటకు చెమట ఆఱుట తప్ప వేఱు త్రోవ లేదు. మట్టికుండలో నీరు చల్లబడుట యెట్లో ఇదియు నట్లే. అనంతపురపు ఎండలో చెమట పుట్టినది పుట్టినట్లే ఆఱిపోవును. అచ్చట అపాయమంతయు ఒంటిలో నీరు చాలకపోవుటవలన. కోనసీమలోను, దివిసీమలోను గాలియే తడిసి యుండును. చెమట కారునేకాని ఆఱదు. కుండను తడిగుడ్డతో కప్పి మూసిన పెట్టెలో నుంచినచో నీరు చల్లబడునా?

ఇక ఇండ్ల సంగతి. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఎత్తైన పెంకుటిండ్లు, నడుమ వాన పడు మండువా, రాయలసీమలో మట్టి మిద్దెలు. ఇవి మన పెద్దల శీతలయంత్రములు. దొరలును, జమీందారులును ద్వారములకు వట్టివేళ్ల తడికలు కట్టించి నీళ్లు చల్లించెడివారు. వీనికిని లోపములు లేకపోలేదు. తాటాకు చల్లనిదే కాని నిప్పునకు చుట్టము. ఒక్క యిల్లు అంటుకొన్నచో వాడ యంతయు కాలిపోవుట మనమెఱిగినదే. కావున ప్రజలు సిమెంటు డాబాలు కట్టుకొనినందులకు వారిని తప్పు పట్టరాదు. కాని ఆ సిమెంటు కప్పు పగలంతయు ఎండను త్రాగి రాత్రియంతయు మన మీద క్రక్కును. డాబా యింటిలో రాత్రి పదిగంటలకు కూడ నిద్ర పట్టకుండుటకు కారణ మిదియే. రేకుల యిల్లు మధ్యాహ్నము పెనమే గాని, చీకటి పడిన పిదప త్వరగా చల్లారును. రెంటికిని మందొక్కటే: కప్పును తెల్లగా చేయుట. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. చిక్కని సున్నము రెండు మూడు పూతలు డాబాపై వేసినచో, ఇంటిని బట్టి లోపల రెండు మొదలు నాలుగైదు డిగ్రీల వరకు తగ్గును. ఇది పల్లెటూరి చిట్కా యని ఎవరును తీసివేయ బనిలేదు. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున ఎండలవలన మామూలుకంటె 1,300 మందికి పైగా హెచ్చుగా మరణింపగా, ఆ నగరమువారు 2013లో ఎండల నెదుర్కొను ప్రణాళిక నొకదానిని ఏర్పఱచుకొని, తరువాత పేదల యిండ్ల కప్పులకు తెల్లపూత వేయించిరి. తెలంగాణ ప్రభుత్వమువారు 2023లో చల్లని కప్పులను గూర్చి ఒక విధానమునే ప్రకటించిరి. ఒక్క హెచ్చరిక: ఆస్‌బెస్టాసు రేకులను పూతకు ముందు గీకుట, రుద్దుట కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు విషము. రేకులపై నడచి క్రిందపడువారును కలరు గాన నిచ్చెనయు, పలకయు వేసికొని పని చేయవలెను.

శీతలయంత్రమును నేను నిందించువాడను కాను. 1902లో అమెరికా దేశమున కారియరు అను ఇంజనీరు బ్రూక్లిను నగరపు అచ్చుకూటమునకై దీనిని రూపొందించెను. మనుష్యుల సుఖమునకు కాదు, గాలిలోని తేమకు కాగితము సాగి అచ్చు చెడకుండుటకు! నేడది ఆసుపత్రులలో ప్రాణములు నిలుపుచున్నది. దానిని విలాస మని త్రోసిపుచ్చుట తగదు. కాని యంత్రము చలిని పుట్టించునది కాదని సభ్యులు గుర్తుంచుకొనవలెను. లోపలి వేడిని తోడి బయట పోయుటయే దాని పని. ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని దుకాణదారులు చెప్పు మాటకు యంత్రపు బరువుతో సంబంధము లేదు. టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరగుటకు ఎంత వేడి కావలయునో, అంత వేడిని అంత కాలములో తోడివేయు శక్తికి ఒక టన్ను అని పేరు. ఆ తోడిన వేడి యంతయు పొరుగువాని కిటికీ ముందు పడును. ఒకటిన్నర టన్ను యంత్రము నిండుగా పని చేయునప్పుడు గంటకు సుమారు ఒకటిన్నర యూనిటు విద్యుత్తు కావలెను. పాత తరహా పంకాలు ఇరువది తిరుగుటకు చాలునంత! రాత్రికి ఎనిమిది గంటలు చొప్పున నెలకు 360 యూనిట్లు. మూడు నెలల వేసవికి 1,000 దాటును. ఇన్వర్టరు తరగతి యంత్రములకు కొంత తగ్గును, నిజమే. అయినను యూనిట్లు పెరిగినకొలది యూనిటు ధర కూడ పెరుగుననుట బిల్లు కట్టు ప్రతివానికి తెలిసినదే. అప్పు వాయిదాలు తీరుటకు ముందే బిల్లులు మెడకు చుట్టుకొనును. ఇది ఒక్క యింటి లెక్క. ఊరి లెక్క వేఱు. 63 కె.వి.ఏ. ట్రాన్సుఫార్మరు మీద ఇట్టి యంత్రములు నలుబది ఒక్క రాత్రి తిరిగినచో దాని శక్తి అంతటితో సరి. దీపములకు, పంకాలకు, పాలకేంద్రములోని శీతలతొట్టికి మిగులున దేమియు లేదు. మే నెల నడుమ ట్రాన్సుఫార్మరు కాలినచో ఏసీ కొనినవాడును, కొనలేనివాడును ఒకే చీకటిలో చెమటలు కార్చుకొనుచు కూర్చుండవలెను. సంఘపు అప్పుతో ఒకరికి చల్లదనము, మఱియొకరికి చీకటి కలుగునేని అది సహకార మెట్లగును?

కావున నా ప్రతిపాదన యిది. సంఘ కార్యాలయమున వాడుకలో లేని పెద్దగదికి పైన తెల్లపూత వేయించి, పడమటి కిటికీలకు చాపలు కట్టించి, అందులో ఒకటిన్నర టన్ను యంత్రములు రెండు పెట్టింపవలెను. పగలు పదకొండు మొదలు అయిదు గంటల వరకు ఊరివా రందఱికిని అది విశ్రాంతి గది కావలెను. దినమునకు 18 యూనిట్లు ఖర్చగును. కప్పుమీద అయిదు కిలోవాట్ల సౌరఫలకములు పెట్టినచో మంచి ఎండలో ఇరువది యూనిట్ల వరకు వచ్చును. ఎండ యే యెండకు మందగు అవకాశము మఱి యే యితర పనిలోను మనకింత చక్కగా కుదరదు. యంత్రమును 24 డిగ్రీలకు తగ్గింపకుండుట నియమముగా నుండవలెను. 2020 నుండి క్రొత్త యంత్రములు ఆ డిగ్రీతోనే తయారై వచ్చునట్లు కేంద్రమువారు చేసియున్నారు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది నూటికి ఆరు వంతులు విద్యుత్తు మిగులునని లెక్క చెప్పుచున్నారు. ఎండకు మండి వచ్చిన కూలివానికి 26 డిగ్రీలును స్వర్గమే. గుంటూరు ప్రాంతపు రైతు తన మిరపకాయల బస్తాలను శీతలగిడ్డంగిలో నుంచి నెలల తరబడి అద్దె కట్టుచున్నాడు. ఎండుమిరపకాయకు దొరకిన చల్లదనము దానిని కోసిన చేతులకు ఒక్క పూటైన దొరకరాదా? అయితే ఒక షరతు గట్టిగా వ్రాసికొనవలెను. ఆ గది తలుపువద్ద నీవు సభ్యుడవా, ఏ పేటవాడవు అను ప్రశ్న పుట్టరాదు. చంటిపిల్లల తల్లులకు, ముసలివారికి ముందు చోటు. అధ్యక్షులవారి కుర్చీయు, పాలకవర్గపు పేకముక్కలును అందులోనికి రాకుండ చూచుట మీ వంతు. గదులు ఎట్లు మాయమగునో మన సంఘముల చరిత్ర తెలిసినవారికి చెప్ప నక్కఱ లేదు.

గది కట్టినంతమాత్రమున పొలములోనివాని ఎండ తగ్గదు. దానికి మనమే యజమానులము. మిరప కోతలు, దాళ్వా కోతలు, మామిడి కోతలు, పసుపు ఉడికించుట మొదలగునవన్నియు ఎండకాలమునే వచ్చును. తెల్లవాఱుజామున అయిదింటికి మొదలుపెట్టి పదకొండింటికి పని ఆపినచో నష్ట మేమి? గంటలు తగ్గినవి గాన కూలియు తగ్గవలెనని కొందఱు రైతులు వాదింతురు. పండ్రెండు మొదలు మూడు వరకు కాలుచున్న చేనిలో ఎంత పని జరుగునో ఆ రైతులే గట్టుమీద నిలిచి ఒకమారు కొలిచి చూడవలెను. నికరాగ్వా, ఎల్ సాల్వడారు దేశములలో చెఱకు నఱకు యువకులు మూత్రపిండములు చెడి పెద్దసంఖ్యలో మరణించిరి. ఎండలో నీరు లేక కష్టించుట దానికి ముఖ్యకారణముగా పరిశోధకులు భావించుచున్నారు. అచ్చటి కొన్ని తోటలలో నీరు, నీడ, నియమిత విశ్రాంతి ఏర్పఱచగా జబ్బు తగ్గుముఖము పట్టినది, పనియు తగ్గలేదు. మన దేశమున 2005 నాటి ఉపాధి హామీ చట్టములోనే పనిచోట నీడయు, త్రాగునీరును ఉండవలెనని వ్రాసిరి. సర్కారు పనికి తగినది మన పొలము పనికి తగదా? సంఘమువారు నాలుగు వెదురుబొంగులు, ఒక పరదాగుడ్డ గల చలువపందిళ్లను కొని, ఎరువు చల్లు యంత్రములవలెనే కోతల కాలమున అద్దెకిచ్చుట మంచిది. అద్దె నామమాత్రముగా నుండవలెను.

ఆహారపానీయముల విషయమై మన స్త్రీలకు నేను చెప్పదగిన దేమియు లేదు. అంబలి, తరవాణి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, తాటిముంజలు, సబ్జాగింజల నీరు ఎవరు మఱచినారు? సీసాలలో అమ్ము తియ్యని రంగునీళ్లు వీనికి సాటి రావని మాత్రము పిల్లలకు చెప్పవలెను. మజ్జిగ దొరకనిచో లీటరు మంచినీటిలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు సమముగా కొలిచి కలిపి త్రాగవచ్చును. వడదెబ్బ మాత్రము వేఱు సంగతి. ఒళ్లు కాలిపోవుచు మాట తడబడినను, మతి తప్పినను అది ప్రాణాపాయము. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీళ్లు పోయుచు విసరుచు, 108 బండిని పిలువవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్రలు దీనికి పనిచేయవు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటిమీద పంకా వేసికొనుట వేడిగాలి కొలిమి ఊదుకొనుటయే. తడిగుడ్డ కప్పుకొని వేసికొనవలెను. నీటితో నడచు కూలరు తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో చక్కగా పనిచేయును గాని, కోస్తా ఉక్కలో సొమ్ము దండుగ.

గేదెలను మఱువకుడు. వానికి చెమటగ్రంథులు తక్కువ, చర్మము నలుపు. చెఱువులు ఎండినచోట మధ్యాహ్నము రెండుమార్లైన నీళ్లు పోయనిచో పాలు తగ్గుట మన కళ్లెదుటనే జరుగును.

ఏసీ అర్జీల మాట మిగిలినది. మంచము పట్టిన రోగులు గల యిండ్లకు, వైద్యుని చీటీ తెచ్చినచో, అప్పు ఈయవచ్చును. అట్టివారిని సామాన్య గదికి రమ్మనుట నిర్దయ. తక్కిన అర్జీలను ఈ వేసవికి నిలిపియుంచి, అదే పద్దునుండి సభ్యుల యిండ్ల కప్పులకు సున్నమును టోకున తెప్పించి అసలు ధరకు పంచవలెను. రేకుల యిండ్లవారికి ముందు, డాబాలవారికి తరువాత. మాఘమాసములోపల పూత పూర్తి కావలెను గాన, సున్నము ధరలను, సౌరఫలకముల ధరలను మూడుచోట్ల విచారించి రాబోవు పాలకవర్గ సమావేశమున ఉంచవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.