కొలిచాకే కొత్త పార్టు

సొంత చేతులతో ఒక పాత ఇంజిను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాలనుకునే కొత్తవారికి మన దేశంలో కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350ని మించిన అనువైన ఇంజిను లేదు. ఒకటే సిలిండరు. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. గేరుబాక్సు ఇంజినుకు అతుక్కుని ఉండదు, విడిగా ఉంటుంది. 1955లో మద్రాస్ మోటార్స్ ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో చేతులు కలిపాక ఇక్కడ మొదలైన ఈ ఇంజిను, మూల నిర్మాణం మారకుండా ఇంచుమించు 2010 దాకా తయారవుతూనే వచ్చింది. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ స్పేర్లు దొరుకుతాయి. చులాగ్గా దొరకడం వల్లే ఒక చెడ్డ అలవాటు కూడా పాతుకుపోయింది. ఇంజిను విప్పగానే బోరు కిట్టు, వాల్వులు, క్రాంకు అన్నీ కొత్తవి కొని వేసెయ్యడమే రిపేరు అనుకుంటున్నారు. కొలతలో నిలబడిన పాత కంపెనీ పార్టు, ఊరూపేరూ లేని డూప్లికేటు పార్టు కన్నా ఎప్పుడూ మేలు. ఆ పార్టు నిలబడిందో లేదో తెలియాలంటే మాత్రం కొలవక తప్పదు.

పాత బుల్లెట్లలో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. వాటికి విట్‌వర్త్ పానాలు కావాలి. దగ్గరగా ఉంది కదా అని మిల్లీమీటరు పానా వేసి తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. పానాలు కాక వెర్నియరు, ఫీలర్ గేజి, టార్క్ రెంచి, క్లచ్చు పుల్లరు ఉండాలి. ఇంజినును ముందు కిరోసినుతో శుభ్రంగా కడగాలి. విప్పే ప్రతి దశలో ఫొటో తీసుకోవాలి. వాషర్లు ఏ బోల్టువి ఆ బోల్టుతోనే విడివిడిగా డబ్బాల్లో పెట్టుకోవాలి.

పని పైనుంచి కిందికి సాగుతుంది. రాకర్లు, పుష్ రాడ్లు, హెడ్డు, ఆ తరువాత బ్లాకు. బ్లాకును కాస్త పైకి లేపగానే కింద క్రాంకుకేసు నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టను పిన్ను సర్‌క్లిప్పు జారి లోపల పడితే, అవసరం లేకపోయినా కింది భాగమంతా విప్పాల్సి వస్తుంది. పిన్ను రాకపోతే సుత్తితో కొట్టకూడదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పిస్టనును కొంచెం వేడిచేస్తే పిన్ను తనంతట తానే వదులవుతుంది.

మొత్తం పనిలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇక్కడే ఉంది. పిస్టను తీసేశాక కనెక్టింగ్ రాడ్డును రెండు చేతులతో పట్టుకుని నిలువుగా పైకి లాగి, కిందికి నొక్కి చూడాలి. పక్కలకు కొంచెం కదలడం సహజమే. నిలువుగా మాత్రం ఏ కాస్త ఆట తగిలినా బిగ్ ఎండ్, అంటే రాడ్డు కింది కొసన క్రాంకు పిన్ను మీద తిరిగే బేరింగు, పోయినట్టే. ఆట లేకుండా, క్రాంకు బేరింగులు గరగరమనకుండా తిరుగుతుంటే క్రాంకుకేసు విప్పనవసరం లేదు, విప్పకూడదు. బాగున్న క్రాంకును చూద్దామన్న కుతూహలంతో విప్పి పాడుచేసుకున్న ఇంజిన్లు ఎన్నో ఉన్నాయి. బిగ్ ఎండ్ నిజంగా పోతే, క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త పిన్ను వేసి, రెండు చక్రాలూ ఒకే అక్షం మీద తిరిగేలా సరిచేయడం లేతు షాపులో చేయితిరిగినవారి పని. దాన్ని వారికి అప్పగించడంలో చిన్నతనమేమీ లేదు.

బోరును పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. రింగులు పైకొచ్చి ఆగే చోట, అందులోనూ బండికి ముందు వెనుక వైపుల్లో అరుగుదల ఎక్కువ. అందువల్ల బోరు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. అరుగుదల హద్దులో ఉంటే హోనింగ్ చేయించి కొత్త రింగులు వేస్తే చాలు. హద్దు దాటితే ఓవర్‌సైజు పిస్టను ముందు కొని, ఆ పిస్టనునే షాపుకు తీసుకెళ్లి దాని కొలతకు బోరు చేయించాలి. రింగును ఒట్టిగా బోరులో దూర్చి కొసల మధ్య సందు చూడాలి. అంగుళం బోరుకు అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులన్న పాత లెక్క ప్రకారం ఈ ఇంజినుకు అది దాదాపు 0.28 మి.మీ. అవుతుంది. వాల్వులకు గ్రైండింగ్ పేస్టు రాసి సీటింగ్ చేశాక, హెడ్డు తిరగేసి కిరోసిను పోసి చూడాలి. చుక్క కారినా పని పూర్తికానట్టే.

ఆయిలు సంగతి తెలియకుండా ఈ ఇంజిను బిగించడం ప్రమాదం. కుడివైపు టైమింగ్ కవరులో రెండు పంపులుంటాయి. ఒకటి ఆయిలును ఫిల్టరు గుండా క్రాంకు కొసలోంచి బిగ్ ఎండ్‌కు పంపుతుంది. రెండోది కింద చేరిన ఆయిలును వెనక్కి తోడుతూ రాకర్లకూ అందిస్తుంది. కవరుకూ తిరిగే క్రాంకు కొసకూ మధ్య ఒక చిన్న కార్కు సీలు ఉంటుంది. అది అరిగినా, సరిగా కూర్చోకపోయినా ఆయిలు బిగ్ ఎండ్‌కు చేరకుండా పక్కకు కారిపోతుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించదు. వేల రూపాయలు పోసి చేయించిన క్రాంకు కొద్ది రోజుల్లో పట్టేస్తుంది. విప్పిన ప్రతిసారీ తప్పక మార్చాల్సిన కొద్ది పార్టుల్లో ఆ కార్కు మొదటిది. పంపులను తిప్పే వార్మ్ నట్టుకు ఎడమ మర ఉంటుంది. అది తెలియక మామూలు నట్టులా తిప్పితే మర తెగుతుంది. లీకులు ఆపాలని గ్యాస్కెట్లకు సీలెంటు దట్టంగా పూయడం ఇంకో పొరపాటు. పిండుకుని లోపలికి వచ్చిన ముద్ద ఆయిలు దారికి అడ్డం పడుతుంది. చాలా బుల్లెట్లలో లీకుకు అసలు కారణం బ్రీదరు పనిచేయక క్రాంకుకేసులో ఒత్తిడి పెరగడమే.

క్రాంకుకేసును మార్చేముందు దాని మీద ఉన్న నంబరును తలుచుకోవాలి. ఆర్సీలో ఉన్న ఇంజిను నంబరు అదే. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసే కేంద్ర నిబంధనలు 2021లో వచ్చాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. క్రాంకుకేసు మారిస్తే ఆ నంబరూ, అసలు రూపమూ పోతాయి. అందుకే పగిలిన క్రాంకుకేసును కూడా వెల్డింగ్ చేయించి నిలుపుకోవడానికే ప్రయత్నించాలి.

బిగించేటప్పుడు టైమింగ్ పళ్ల చక్రాల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉంచి, పిస్టను పైకొసకు 0.8 మి.మీ. దూరంలో ఉండగా పాయింట్లు విడిపోయేలా అమర్చాలి. విడిపోయిన క్షణాన్ని ఆమీటరు ముల్లే చూపిస్తుంది. అది మధ్యకు తిరిగి వస్తుంది. టాపెట్లు చల్లని ఇంజిను మీదే సరిచేయాలి. పుష్ రాడ్డు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు.

స్టార్టు చేసేముందు ప్లగ్గు తీసి, ఫిల్టరు గదిని ఆయిలుతో నింపి, కొంతసేపు ఉత్తినే కిక్కు కొట్టాలి. ఇంజిను అందుకున్నాక రాకరు పైపు బోల్టు వదులు చేసి ఆయిలు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే వెంటనే ఆపెయ్యాలి. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించాలి. మొదటి 500 కి.మీ. ఇంజినును బలవంతపెట్టకుండా, ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వకుండా నడిపి, ఆయిలు మార్చి, టాపెట్లు, పాయింట్లు మరోసారి సరిచూసుకోవాలి.