ఢాకా దూసుకెళ్లింది.. కొలంబో ఎందుకు ఆగింది? అచ్యుతాపురానికి ఇందులో పాఠమేంటి?

విశాఖ అంటే పోర్టు, స్టీల్ ప్లాంటు గుర్తొస్తాయి. కానీ నగరానికి దగ్గర్లోని అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల బట్టల సెజ్ ఉంది. దాన్ని పెట్టింది శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలాది మహిళలు రోజూ బస్సుల్లో అక్కడికి పనికెళ్తారు. మనకన్నా ఎంతో చిన్న దేశం మన దగ్గరికొచ్చి ఫ్యాక్టరీ పెట్టే స్థాయికి ఎలా ఎదిగింది? అదే పని చేసిన బంగ్లాదేశ్ దాన్ని ఎలా దాటేసింది?

విస్తీర్ణంలో ఈ రెండు దేశాలూ ఆంధ్రప్రదేశ్ కన్నా చిన్నవే. 1970ల మొదట్లో శ్రీలంక ఎగుమతుల్లో సగానికి పైగా టీ. బంగ్లాదేశ్ ఎగుమతుల్లో దాదాపు 90 శాతం జనపనార, దాని ఉత్పత్తులు.

ముందు మేల్కొన్నది శ్రీలంకే. 1977లో మార్కెట్ తలుపులు తెరిచి, మరుసటి ఏడాదే కటునాయకలో ఎగుమతుల జోన్ పెట్టింది. 1979లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్ దాదాపు 130 మందిని దక్షిణ కొరియాలోని దేవూ కంపెనీకి శిక్షణకు పంపింది. వాళ్లలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. విదేశీ ఆర్డర్ కాగితం చూపిస్తే గుడ్డ కొనడానికి బ్యాంకు హామీ ఇచ్చే పద్ధతి, సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకునే వీలు చేతిలో డబ్బు లేనివాళ్లనూ నిలబెట్టాయి.

2000 నాటికి రెండు దేశాల సరుకుల ఎగుమతులూ దాదాపు సమానం. చెరో 550 కోట్ల డాలర్ల పైచిలుకు. పదేళ్లు తిరిగేసరికి బంగ్లాదేశ్ 1,600 కోట్ల డాలర్లు దాటింది. శ్రీలంక అందులో సగం దగ్గరే ఉండిపోయింది. 2024లో శ్రీలంక ఎగుమతులు సుమారు 1,280 కోట్ల డాలర్లు. 2024-25లో బంగ్లాదేశ్ ఎగుమతులు 4,800 కోట్ల పైమాటే.

తేడా ఎందుకొచ్చింది? బాగా వెనుకబడిన దేశం కాబట్టి బంగ్లాదేశ్‌కు 2001 నుంచి యూరప్‌లో ఆయుధాలు తప్ప అన్ని సరుకులకూ సుంకం లేదు. శ్రీలంక 2009 దాకా యుద్ధంలో నలిగింది. యూరప్ ఇచ్చిన రాయితీని 2010లో పోగొట్టుకుని, 2017లో గానీ తిరిగి తెచ్చుకోలేదు. 2022లో అప్పులు కట్టలేక చేతులెత్తేసింది.

అలాగని శ్రీలంక ఓడిందనీ చెప్పలేం. తలసరి చూస్తే శ్రీలంక ఎగుమతి సుమారు 580 డాలర్లు, బంగ్లాదేశ్‌ది 280 మాత్రమే. శ్రీలంక లోదుస్తుల లాంటి ఖరీదైన సరుకు మీద దృష్టి పెట్టింది. బంగ్లాదేశ్ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా బట్టలే. 2026 నవంబర్‌లో వెనుకబడిన దేశం హోదా పోవాల్సి ఉంది. అది పోతే రాయితీలకూ ఎసరే.

ఆ వేగానికి చెల్లించిన మూల్యం వేరే ఉంది. 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు పగిలాయని ముందురోజే తెలిసినా పనికి రమ్మన్నారు.

ఇక మన సంగతి. 2024-25లో భారత్ మొత్తం రెడీమేడ్ దుస్తుల ఎగుమతి 1,600 కోట్ల డాలర్లు. ఒక్క బంగ్లాదేశ్‌ది అంతకు రెట్టింపుకు మించి! 2025 ఆగస్టులో అమెరికా ఆ రెండు దేశాలపై 20 శాతం సుంకం వేసి, మనపై 50 శాతానికి పెంచింది. అప్పట్లో ఆర్డర్లు ఎటు మళ్లే పరిస్థితి వచ్చిందో వేరే చెప్పాలా?

ఖనిజం ఓడకెత్తితే డాలర్లు వస్తాయి, ఉద్యోగాలు మాత్రం కొద్దే. అదే కుట్టు మిషన్ ఆడబిడ్డ చేతికి నెల జీతం ఇస్తుంది. కానీ 2022లో అచ్యుతాపురం సెజ్‌లోనే రెండు నెలల తేడాతో రెండుసార్లు విషవాయువు పీల్చి వందలాది మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. ఢాకా నుంచి వేగం నేర్చుకోవాలి, కొలంబో నుంచి నాణ్యత నేర్చుకోవాలి. రానా ప్లాజా నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం వీటన్నిటికన్నా ముందు.