పగిలిన లెన్స్‌కు పూచీ ఎవరిది?

* విలువ నమోదు చేయని పార్శిల్‌కు దక్కేది నామమాత్రపు పరిహారమే
* ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఫొటోగ్రాఫర్లకు రశీదే రక్షణ

కామారెడ్డి: ముహూర్తాలు దగ్గరపడితే పల్లెల్లోని ఫొటో స్టూడియోలకు చేతినిండా పని ఉంటుంది. కొత్త లెన్స్ కొనే స్తోమత లేనివారు ఆన్‌లైన్‌లో పాతది వెతుక్కుంటారు. తీరా పార్శిల్ విప్పేసరికి ముందు అద్దం చిట్లి ఉంటే ఆ నష్టం ఎవరు భరించాలి? అమ్మినవారు కొరియర్‌ను చూపుతారు. కొరియర్ వారు రశీదు వెనుక ఉన్న షరతులు చూపుతారు. కొన్నవారు నడుమ నలిగిపోతారు. చట్టంలో దీనికి పరిష్కారం ఉంది. అయితే వస్తువు పగిలాక కాదు, పార్శిల్ కట్టే రోజునే అందుకు పునాది పడాలి.

కామారెడ్డికి రైలు మార్గం, 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నాయి. ఎల్లారెడ్డికి రైలు సౌకర్యం లేదు. ఏ సరుకైనా రోడ్డు మీదే చేరాలి. పార్శిల్ ఎన్ని చేతులు మారితే దెబ్బ ఎక్కడ తగిలిందో తేల్చడం అంత కష్టం.

అమ్మినవారు ఎవరు?

వ్యాపార సంస్థ అమ్మితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోబోమని విక్రేత అనరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కాగా తన సొంత లెన్స్‌ను ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ నిబంధనలు వర్తించవు. అక్కడ 1930 నాటి సరుకుల విక్రయ చట్టమే ఆధారం. వేరే ఒప్పందం లేకుంటే, రవాణాదారుకు అప్పగించిన సరుకు కొన్నవారికి అందినట్లే ప్రాథమికంగా భావిస్తారు. అయితే సరుకు స్వభావానికి తగిన రవాణా ఏర్పాటు చేయకపోతే విక్రేతను బాధ్యుణ్ని చేయవచ్చు. అందుకే దారిలో పగిలితే పూచీ ఎవరిదో డబ్బు పంపకముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు.

విలువ రాయిస్తేనే...

2007 నాటి రోడ్డు రవాణా చట్టం పరిధిలోకి కొరియర్ ఏజెన్సీలు కూడా వస్తాయి. సరుకుకు అధిక విలువ ప్రకటించకపోతే పరిహారం రవాణా చార్జీకి పది రెట్లకే పరిమితం. రూ. 40 వేల లెన్స్‌ను రూ. 300 చార్జీతో పంపారనుకుంటే దక్కేది రూ. 3 వేలే. దావా వేయాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. సంతకం చేసిన రశీదుపై 100 డాలర్ల పరిమితి ఉంటే అంతకు మించి రాదని 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోస్టాఫీసులో పంపినా బీమా చేయించడమే క్షేమం.

కంటికి కనబడని దెబ్బ

అద్దం పగలకపోయినా కుదుపులకు లోపలి కటకాలు పక్కకు జరగవచ్చు. అప్పుడు ఫొటోలో ఒక వైపు స్పష్టంగా, మరో వైపు మసకగా వస్తుంది. గోడకు వార్తాపత్రిక అతికించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరాను స్టాండుపై తిన్నగా నిలిపి ఫొటో తీస్తే నాలుగు మూలల తేడా బయటపడుతుంది. ఈ పరీక్ష పార్శిల్ అందిన రోజే చేయాలి. విప్పేటప్పుడు వీడియో తీయడం, పెట్టె నలిగి ఉంటే డెలివరీ రశీదుపై ఆ మాట రాయడం, అట్టపెట్టెను పారేయకపోవడం తర్వాత సాక్ష్యాలవుతాయి.

కమిషన్ తలుపు తెరిచే ఉంది

లెన్స్‌ను వ్యాపారానికి కొన్నారు కనుక వినియోగదారుడు కాదన్న వాదన ఎదురుకావచ్చు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవారిని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. అమ్మిన సంస్థ ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర రూ. 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌ను ఆశ్రయించవచ్చు.

అయితే కమిషన్ తీర్పు వచ్చేదాకా ముహూర్తం ఆగదు. ఒప్పుకున్న పెళ్లికి అద్దె లెన్స్‌తోనైనా వెళ్లాల్సిందే. ఆ అద్దెతో పోలిస్తే గట్టి ప్యాకింగ్‌కు, విలువ నమోదుకు అయ్యే ఖర్చు స్వల్పమే.