సైకిలుకో కొక్కెం

సైకిలును తలకిందులుగా నిలబెట్టడం మన దేశంలో ప్రతి పిల్లవాడికీ ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. సీటూ హ్యాండిలూ నేలమీద, చక్రాలు రెండూ ఆకాశంలో. పెడలు చేత్తో తిప్పుతూ, గిర్రున తిరిగే పుల్లలకు కొబ్బరాకు అడ్డంపెట్టి టరటరమని చప్పుడు చేసిన పెద్దమనుషులు ఈ పేజీ చదివేవారిలో చాలామందే వుంటారు. పాత ఇనప సైకిలుకు ఈ శీర్షాసనం వల్ల వచ్చే నష్టమేమీ లేదు. మహా అయితే బెల్లు వంకరపోయేది.

ఇప్పుడు హైటెక్ సిటీ ప్రాంతంలో తిరిగే సైకిళ్ళు ఆ జాతివి కావు. ఔటర్ రింగు రోడ్డు పక్కన పైకప్పంతా సౌరఫలకాలతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక శాఖ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. దానికి ముందునుంచే గచ్చిబౌలి, కొండాపూర్ అపార్టుమెంట్లలో ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని బయలుదేరే సంసారులు వుండనే వున్నారు. వారంలో అయిదు రోజులు కుర్చీకి అతుక్కున్న నడుములు ఆ ఒక్క పూటా వంగి లేస్తాయి. సంతోషమే.

చిక్కల్లా సోమవారం వస్తుంది. పాత పేటల్లో సందు మొగనే సైకిలు షాపు వుండేది. దూలానికి గొలుసు కట్టి సైకిలును వేలాడదీసి, నీళ్ళతొట్టి పక్కన ముక్కాలి పీట వేసుకుని, పానా చేతపట్టుకుని కూర్చునేవాడు మేస్త్రీ. ఈ అద్దాల మేడల మధ్య అటువంటివాడి కోసం వెతుక్కోవాలి. పెద్ద దుకాణంలో ఇస్తే రెండు రోజులు పోయాక రమ్మంటారు. అందువల్ల ఉద్యోగస్థులే బాల్కనీలో మేస్త్రీలవుతున్నారు. చైను తుడవడం, గేర్లు సరిచేసుకోవడం, బ్రేకు చూసుకోవడం — ఇవి నేర్చుకోదగ్గ పనులే.

మా మేనల్లుడు కొండాపూర్‌లో అలాంటి మేస్త్రీ. అలవాటు ప్రకారం ఒక శనివారం రాత్రి సైకిలును తలకిందులు చేసి, చైను కడిగి, ఆరడానికని అలాగే వదిలి పడుకున్నాడు. తెల్లారి సెల్లారులోకి దిగే వాలుమీద బ్రేకు నొక్కితే లివరు మెత్తగా వచ్చి పిడికి ఆనుకున్నది. చక్రం మాత్రం ఆగలేదు. కాళ్ళు నేలకు రాసుకుంటూ, బూటు అరగదీసుకుని, ఎవరిదో కారు బంపరుకు జానెడు దూరంలో ఆగాడు. అదే సాయంత్రమైతే అక్కడ పిల్లలు బంతాట ఆడుతూ వుంటారు.

కారణం చిన్నది. ఈ కొత్త బ్రేకుల్లో తీగ వుండదు. సన్నని గొట్టంలో నూనె వుంటుంది, లివరు దగ్గర ఆ నూనెకు బుల్లి తొట్టి. తొట్టిలో కాస్త గాలి చేరినా, సైకిలు నిటారుగా వున్నంతకాలం అది పైనే వుండి ఎవరి జోలికీ రాదు. తలకిందులు చేశామా, గాలిబుడగ తన స్వభావం కొద్దీ పైకి, అంటే గొట్టంలోకి, పాకుతుంది. నూనెను నొక్కితే ఆ బలం చక్రందాకా పోతుంది. గాలిని నొక్కితే అది నలిగి వూరుకుంటుంది. తప్పనిసరై తిప్పినవాళ్ళు, సైకిలును నిలబెట్టాక లివరును పదిపదిహేను సార్లు నొక్కి, గట్టిపడిన తరువాతనే ఎక్కాలి. గట్టిపడకపోతే అది మన చేతిలో పని కాదు, తెలిసినవాడికి ఇవ్వాల్సిందే.

ఆ మర్నాడే వాడు నాకు ఫోను చేసి, "మామయ్యా, ఒక రిపేరు స్టాండు కొనేస్తాను" అన్నాడు. వెనకనుంచి కోడలి గొంతు వినిపించింది: "బట్టలారేసే స్టాండుకే బాల్కనీలో చోటు లేదు మామయ్యగారూ, మీరైనా చెప్పండి!" ఇద్దరి మాటలోనూ న్యాయం వున్నది గనక, నేను కూర్చుని ఆలోచించవలసి వచ్చింది.

స్టాండు అంటే విలాసమని నవ్వకండి. అమెరికాలో సెయింట్ పాల్ అనే వూళ్ళో సైకిళ్ళు బాగుచేసుకుని బ్రతికే హాకిన్స్, ఎంగ్‌స్ట్రామ్ అనే ఇద్దరు, రోజంతా వంగి పనిచెయ్యలేక సొంతంగా ఒక స్టాండు చేసుకున్నారు. 1963లో మొదలైన వారి పార్క్ టూల్ సంస్థకు ఆ స్టాండే పునాది. మన మేస్త్రీ దూలానికి గొలుసు కట్టినా, వాళ్ళు ఇనుముతో కాలు నిలబెట్టినా ఉపాయం ఒకటే: పని కంటి ఎత్తుకు రావాలి, చక్రం గాలిలో తిరగాలి.

బజారులో అన్నిటికన్నా చవక, వెనకచక్రాన్ని బెత్తెడు పైకెత్తి పట్టే చిన్న స్టాండు. చైను తుడిచి నూనె వేసుకోవడానికీ, గేర్లు సరిచేసుకోవడానికీ అది చాలు. మనం మాత్రం నేలమీద బాసిపట్టు వేసుకోవాలి. మోకాళ్ళు బాగున్నవాళ్ళకు, పని అంతవరకే అయినవాళ్ళకు, నన్నడిగితే ఇంతకు మించి కొననక్కరలేదు.

రెండోది మడిచే కాళ్ళమీద నిలబడి, పట్టకారులాంటి దవడలతో సైకిలును గాలిలో పట్టుకునేది. వేలల్లో వుంటుంది. దీన్ని కొనేవాళ్ళు రంగూ పేరూ చూస్తారుగాని, చూడవలసింది ఆ దవడ ఎక్కడ పడుతుందన్నది. పిల్లల్ని కూర్చోబెట్టుకునే ఆ అడ్డ గొట్టం పట్టుకోవడానికి వీలుగా కనిపిస్తుంది. అక్కడ పట్టకూడదు. నేటి మంచి అల్యూమినియం ఫ్రేముల్లో గొట్టం చివర్ల మందంగానూ నడుమ పల్చగానూ వుంటుంది; మర బిగించిన కొద్దీ సొట్టపడుతుంది. కార్బన్ ఫ్రేమయితే మరీ కష్టం, పైకి ఏమీ కనపడకుండా లోపల బీటవేయవచ్చు. సీటు కింది రాడ్డును పట్టాలి. దవడకు చోటు చాలకపోతే సీటు కొంచెం పైకి లాగవచ్చు. కాని రాడ్డుమీద చెక్కిన హద్దుగీత దాటి లాగరాదు. రాడ్డు గుండ్రంగా కాక పలకగా వున్న పందెపు సైకిళ్ళకు ఈ దవడ కుదరదు. ముందుచక్రం తీసి ఫోర్కును బిగించే మూడో రకం స్టాండు వాటికి నయం. ఇంటి అవసరానికి అది కాస్త పెద్ద సరంజామాయే.

దవడల రబ్బరుమీద ఇసుక రేణువు వుంటే రంగు గీసుకుపోతుంది, పాత మెత్తటి గుడ్డ చుట్టడం మంచిది. సైకిలు బరువు స్టాండు కాళ్ళ నడుమకు వచ్చేలా నిలపాలి, లేకపోతే పదో అంతస్తు గాలికి రెండూ కలిసి కూలతాయి. బిగుసుకుపోయిన పెడలు వూడదీసే పని మాత్రం స్టాండుమీద పెట్టుకోవద్దు. ఆ బలానికి దవడ, రాడ్డు రెండూ మెలిపడతాయి. సైకిలును నేలమీద దించి చెయ్యాలి. అన్నట్టు, ఎడమ పెడలుకు మర ఎదురు. ఆ సంగతి తెలియక దాన్ని ఇంకా బిగించి చెమటలు కక్కేవాళ్ళను చూశాను.

గోడకు బిగించే రకం చోటు కలిసివచ్చేదే. అద్దె ఇంట్లో గోడకు రంధ్రమంటే ఇంటివారు వూరుకోరు.

మరి మా మేనల్లుడింట్లో హాలు కప్పుకు ఉయ్యాల కొక్కేలు రెండు ఎప్పటినుంచో ఖాళీగా వున్నాయి. చంటిపిల్ల బరువుకు కాదు, పెద్దవాళ్ళు కూర్చునే ఉయ్యాలబల్లకని స్లాబులో వేసినవే. ఒక తాడు సీటు ముక్కుకు, ఇంకొకటి హ్యాండిలుకు. చైను తుడవడానికి బ్రహ్మాండంగా వున్నది. బోల్టు బిగించబోతే మాత్రం సైకిలు ఉయ్యాల ధర్మం మరిచిపోక అటూయిటూ వూగింది. కోడలికి గ్రీజు చుక్కలు పడిన గచ్చు కనిపించింది.

చివరికి మడిచే స్టాండు కొనడానికే ఒప్పందం కుదిరింది. మడిస్తే తలుపు వెనక నిలబడాలి, ఆదివారం మధ్యాహ్నం దాటాక బాల్కనీలో కనిపించరాదు — ఇవి కోడలి షరతులు. దుకాణానికి బయలుదేరేముందు తలుపు వెనక చోటును టేపు పెట్టి కొలిచింది కూడా ఆవిడే. సైకిలును వెంట తీసుకుపొమ్మని మాత్రం నేను చెప్పాను, ఆ దవడ సీటు రాడ్డుకు పడుతుందో లేదో అక్కడే బిగించి చూసుకోవచ్చని.